ముందు కరెంటు, తర్వాత పొగ

చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉండగా ఎవరైనా ఫోన్ చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోన్ బావదైతే మరీను. అక్క మొగుడు కాబట్టి ఎత్తకుండా ఉండలేను, ఎత్తితే వేళాకోళం భరించాలి. కాసేపు మోగనిచ్చి ఎత్తాను.

"ఏమ్మా మరదలా, మీ పెట్టె చచ్చింది," అన్నాడు. "మీ అక్కని చేసుకున్నప్పుడే తెలిసింది నాకు, మీ ఇంటి సరుక్కి గ్యారంటీ ఉండదని."

"వాడేవాడికి తెలివుంటే సరుకు మన్నుతుంది. ఏమైంది పెట్టెకి?"

"పొద్దున కరెంటు పోయింది. ఇందాకే వచ్చింది. వచ్చినా నీ పెట్టెకి పచ్చలైటు లేదు. ఉలకదు, పలకదు. ఫ్యానూ తిరగట్లేదు."

బావకి బట్టలుతికి ఇస్త్రీ చేసే లాండ్రీ ఉంది. పనివాళ్లు లేరు, అన్నీ అక్కా బావా చేసుకోవాల్సిందే. ముందు గదిలో ఉతికే మిషన్లు, వెనక గదిలో ఇస్త్రీ బల్లలు, ఆవిరి కోసం గ్యాసుతో మండే బాయిలరు. వెనక గదిలోంచే చెక్కమెట్లు పైకి వెళతాయి. పైన చిన్న గది. అక్క అక్కడ కూర్చుని తెగిన గుండీలు కుడుతుంది, అలిసిపోతే అక్కడే నడుం వాలుస్తుంది.

ఆ వెనక గదికి నేనే ఒక పెట్టె చేసిచ్చాను. బాయిలరు పొగగొట్టం సరిగ్గా లాగకపోతే గదిలో విషపు గ్యాసు చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, దగ్గు కూడా రాదు. తల బరువెక్కుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, అంతే. గోడకి పెట్టిన సెన్సర్, సొంత బ్యాటరీ మీద నడిచేది, దాన్ని పసిగట్టి పెట్టెకి చెబుతుంది. పెట్టె గూబ గుయ్యిమనేలా అరిచి, గోడలోని పెద్ద ఫ్యాన్‌ని పూర్తి వేగంతో తిప్పుతుంది. మామూలు వేళల్లో కూడా ఆ ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేది పెట్టె ఆజ్ఞ మీదే. దానికి వేరే స్విచ్ లేదు. ఉండేది, నేనే పీకించాను. కరెంటు బిల్లు చూస్తే బావకి జ్వరం వస్తుంది. స్విచ్ ఉంచితే ఫ్యాన్ ఆపేసి కూర్చుంటాడు.

ఇలాంటి పెట్టెలే ఇంకా చాలామందికి అమ్మాను. ఒక్కదాని గురించీ ఫిర్యాదు రాలేదు.

"బిల్లులు కొట్టే కంప్యూటర్ తెచ్చి పెట్టెకి తగిలించు బావా. అది ఏమంటోందో చదువు," అన్నాను.

కంప్యూటర్ తెచ్చాడు. వైరు వెతికాడు. ముందు గదిలో మిషన్ల రొద, దాంట్లో ఆయన మాట. నాకు ఒక ముక్క వినపడితే రెండు ముక్కలు పోతున్నాయి.

"ఆ తలుపు వెయ్యి బావా. చెవిటివాళ్ల సంభాషణలా ఉంది."

తలుపు పడిన చప్పుడైంది. రొద తగ్గింది. "కిటికీలు ఎలాగూ వేసే ఉన్నాయి," అన్నాడు. "చలి కొరికేస్తోందని మీ అక్క పొద్దున్నే బిగించింది."

"అక్కేదీ?"

"పైన పడుకుంది. తలనొప్పట. హోటలు దుప్పట్లు రాత్రి దాకా ఇస్త్రీ చేశాం కదా. నాకూ పట్టేసినట్టే ఉంది. మొగుడికీ పెళ్లానికీ ఒకేసారి తలనొప్పి వస్తే ఎవరివల్ల ఎవరికొచ్చిందో ఎవడు తేలుస్తాడు?"

నవ్వాను. నిజంగానే నవ్వాను.

కంప్యూటర్ తెర మీద వరసలు పరిగెడుతున్నాయన్నాడు. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తోందన్నాడు. చదివించాను. ఫ్లాష్ రీడ్ ఎర్రర్. కింద ఒక అంకె. తర్వాత రీసెట్. మళ్లీ ఫ్లాష్ రీడ్ ఎర్రర్.

ఫ్లాష్ అంటే ఆ బోర్డుకి జ్ఞాపకశక్తి. కరెంటు పోయినా అందులో రాసింది చెరిగిపోదు. బోర్డు ఆన్ కాగానే చిప్ నిద్రలేచి, తానేం చెయ్యాలో ఫ్లాష్‌ని అడుగుతుంది. అది చెబితే పని మొదలవుతుంది, చెప్పకపోతే చిప్ మళ్లీ పడుకుని మళ్లీ లేచి మళ్లీ అడుగుతుంది. బావ పెట్టెలో జరుగుతున్నది అదే.

ముందు అడాప్టర్ మార్పించాను. లాభం లేదు. తర్వాత నా కంప్యూటర్లోంచి ప్రోగ్రాం పంపించి, కొత్తగా రాయించబోయాను. బూట్ బటన్ నొక్కిపట్టి రీసెట్ నొక్కమన్నాను. బావ నొక్కాడు. చిప్ పలికింది గానీ ఫ్లాష్ అసలు ఉన్నట్టే కనపడటం లేదంది.

"ఫ్లాష్ పోయింది బావా. అల్మారాలో ఇంకో బోర్డు పెట్టాను కదా, అది తీసి మార్చు."

"రోగమేదో తెలీకపోతే మనిషిని మార్చేస్తావా?"

"మనుషుల్ని మార్చే వీలుంటే మా అక్క ఎప్పుడో మార్చుకునేది."

ఆయన స్క్రూలు విప్పుతున్నాడు. నాకు మనుషులతో లేని ఓపిక బోర్డులతో ఉంటుంది గానీ, ఫోన్లో ఇంకొకరి చేతులతో పని చేయించడం నరకం. బావ చేతులు మామూలుగా చురుకైనవే. చొక్కా కాలరు ఆయన ఇస్త్రీ చేస్తుంటే చూడాలి. ఆ వేళ ఒక స్క్రూ కింద పడేశాడు. వెతికాడు. దొరికిన స్క్రూ మళ్లీ పడేశాడు.

"ఏంటి బావా, పొద్దున్నే పట్టించావా?"

"టీ కూడా తాగలేదమ్మా," అన్నాడు. గొంతులో ఉత్సాహం లేదు. నేను పట్టించుకోలేదు.

కొత్త బోర్డు పెట్టాడు. తెర చదివాడు. ఫ్లాష్ రీడ్ ఎర్రర్.

ఈసారి నాకు చిరాకు దాటి ఇంకేదో మొదలైంది. ఒక బోర్డులో ఫ్లాష్ పోవచ్చు. డబ్బాలోంచి అప్పుడే తీసిన బోర్డులో కూడా, అదే పూట, అదే విధంగా పోతుందా? బోర్డులు రెండు. వాటికి తగిలిన తీగలు మాత్రం అవే. దొంగ అక్కడే ఉండాలి.

"అన్ని ప్లగ్గులూ పీకెయ్యి బావా. ఉత్త బోర్డుకి కరెంటివ్వు."

పీకాడు. పచ్చలైటు వెలిగింది.

"వెలిగింది మరదలా!"

నా ప్రాణం లేచొచ్చింది. బోర్డు బతికే ఉంది. ఫ్లాష్ బతికే ఉంది. ఇక ఒక్కో తీగా తగిలిస్తూ పోతే దొంగ దొరుకుతాడు. ఫ్యాన్ తీగది నీలం ప్లగ్గు, సెన్సర్‌ది పసుపు ప్లగ్గు. అరిచే గంట బోర్డు మీదే ఉంది.

"ముందు పసుపుది పెట్టు."

పెట్టాడు. పెట్టీ పెట్టగానే ఫోన్ పగిలిపోయేలా కూత. నేను ఫోన్ చెవి నుంచి దూరం పెట్టుకున్నాను. కూత ఆగింది. బావ ప్లగ్గు పీకేశాడు.

"చెవులు చిల్లులు పడ్డాయి," అన్నాడు నెమ్మదిగా. "నీలంది పెట్టనా? ఫ్యానన్నా తిరుగుతుంది."

"ఉండు. రెండూ కలిపితే మళ్లీ గందరగోళం. ముందు సెన్సర్ సంగతి తేలాలి. పసుపుది పెట్టి రీసెట్ నొక్కు."

నొక్కాడు. పచ్చలైటు ఆరిపోయింది. ఫ్లాష్ రీడ్ ఎర్రర్.

"సెన్సర్ షార్ట్ అయింది," అన్నాను తేలిగ్గా. "ఊరికే అరుస్తోంది, బోర్డునీ లేవనివ్వట్లేదు. అల్మారాలో అదే డబ్బాలో ఇంకో సెన్సర్ ఉంటుంది. తెచ్చి పెట్టు."

ఆయన అడుగులు వినపడ్డాయి. అల్మారా తెరిచిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"బావా?"

"ఆఁ."

"దొరికిందా?"

"ఏది?"

"సెన్సర్ బావా! దేనికెళ్లావు నువ్వు?"

"ఆఁ, సెన్సర్," అన్నాడు. మళ్లీ డబ్బా కదిపాడు. వచ్చి కూర్చున్నాడు, కుర్చీ కిర్రుమంది. తగిలించాడు. రీసెట్ నొక్కాడు. లైటు రాలేదు. పీకి రీసెట్ నొక్కితే వచ్చింది. లైటు వచ్చాక తగిలిస్తే, మళ్లీ ఆ కూత. మళ్లీ పీకేశాడు.

రెండు బోర్డులు అబద్ధం చెప్పవనుకుంటే, రెండు సెన్సర్లు మాత్రం ఎందుకు చెబుతాయి? ఆ ప్రశ్న నాకు వచ్చింది. వచ్చింది గానీ దాని వెంట పోలేదు. నా బల్ల మీద అచ్చం అలాంటి బోర్డే ఉంది, అలాంటి సెన్సరే ఉంది. నాకు నా బల్ల మీద నమ్మకం. ఒక్క నిమిషం ఉండమని బావకి చెప్పి, ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద పడేశాను.

నేను ప్రతి పెట్టెనీ పరీక్షించే పంపుతాను. దానికి నాదొక పద్ధతి ఉంది. ముందు పెట్టెకి కరెంటిస్తాను. పచ్చలైటు రావాలి. అప్పుడు బాల్కనీలో డబ్బాలో రాజేసిన బొగ్గుల దగ్గరికి సెన్సర్ తీసుకెళతాను. పెట్టె అరవాలి. ముందు కరెంటు, తర్వాత పొగ. ఎన్ని పెట్టెలు పంపినా ఇదే వరస. లైటే రాని పెట్టెకి పొగ చూపించి ఏం లాభం? అందుకని ఎప్పుడూ వరస మార్చలేదు, మార్చాలని తోచనూ లేదు.

సెన్సర్‌కి వెనక ఒక చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే గ్యాసు ఉన్నట్టు పెట్టెకి నటిస్తుంది. నా బోర్డు కరెంటు తీశాను. ఆ బటన్ నొక్కిపట్టాను. కరెంటిచ్చాను.

పచ్చలైటు రాలేదు. నా తెర మీద అదే వాక్యం పరిగెత్తింది. ఫ్లాష్ రీడ్ ఎర్రర్. ఫ్లాష్ రీడ్ ఎర్రర్.

"దొరికింది!" అని అరిచాను. చెప్పుకోకూడదు గానీ, ఆ క్షణం నాకు పండగే. ఆ చిప్‌కి ఉన్న కాళ్లలో ఒక కాలికి రెండు పనులు. మామూలుగా అది సెన్సర్ మాట వింటుంది. కానీ బోర్డు ఆన్ అయ్యే మొదటి క్షణంలో మాత్రం, ఫ్లాష్‌కి ఎంత వోల్టేజి ఇవ్వాలో చిప్ ఆ కాలునే చూసి తేల్చుకుంటుంది. ఆ క్షణంలో సెన్సర్ "గ్యాసు ఉంది" అంటూ కాలు మీదికి కరెంటు పంపితే, చిప్ ఫ్లాష్‌కి సగం వోల్టేజే ఇస్తుంది. సగం తిండితో ఫ్లాష్ నోరు మెదపదు. వేరే కాళ్లన్నీ నిండిపోయాయని నేనే ఆ కాలు వాడాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను.

ఆ సంతోషం ఒక గుక్క ఊపిరి తీసుకునేంత సేపు ఉంది.

నేను బటన్ నొక్కాను కాబట్టి నా సెన్సర్ గ్యాసు ఉందని చెప్పింది. బావ సెన్సర్‌కి బటన్ ఎవరు నొక్కారు? మొదటిదీ అదే అంది. డబ్బాలోంచి తీసిన రెండోదీ అదే అంది. అవి పాడైపోలేదు. గ్యాసు ఉంది.

కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. బాయిలర్‌కి కరెంటుతో పనిలేదు, అది మండుతూనే ఉంది. కిటికీలు బిగించి ఉన్నాయి. గదిలో గ్యాసు నిండింది. సెన్సర్‌కి సొంత బ్యాటరీ పెట్టాను కదా, అది కరెంటు లేకపోయినా మేలుకునే ఉండి, గ్యాసు ఉందని చెబుతూనే ఉంది. కరెంటు వచ్చేసరికి ఆ మాటే పెట్టె గొంతు నొక్కేసింది. పెట్టె లేవకపోతే ఫ్యాన్ లేదు. ఫ్యాన్ లేకపోతే గ్యాసు పోదు. గ్యాసు పోకపోతే పెట్టె లేవదు. అవసరం లేనన్నాళ్లూ బుద్ధిగా పచ్చలైటు వేసుకుని కూర్చుని, అవసరమైన పూట మూగబోయే పెట్టెని నేను మా అక్క ఇంటికిచ్చాను.

అలాంటి గదిలో తలుపేయించి, ఇంతసేపు బావని నేనే కూర్చోబెట్టాను.

 ఫోన్ తీసుకోబోతే చేతిలోంచి జారి కింద పడింది. ఏరుకున్నాను. లైను పోలేదు.

"బావా! తలుపు తియ్యి! లేచి తలుపు తియ్యి, బయటికెళ్లు!"

 బాయిలరు మంట సన్నగా బుసకొడుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. ఆ చప్పుడు మొదట్నుంచీ ఉంది. నేను దాన్ని లైను గరగర అనుకున్నాను.

"బావా!"

"ఏమ్మా మరదలా," అన్నాడు. మాట ముద్దగా వస్తోంది. "మీ పెట్టె చచ్చింది. మీ అక్కని చేసుకున్నప్పుడే తెలిసింది నాకు, మీ ఇంటి సరుక్కి..."

ఆ మాట ఇందాకే అన్నాడని ఆయనకి తెలీదు. 

"గదిలో గ్యాసుంది బావా. విను. లేచి తలుపు దగ్గరికెళ్లు."

కుర్చీ కిర్రుమంది. ఏదో పడింది. మనిషే పడ్డాడనిపించింది.

"కాళ్లు రావట్లేదే," అన్నాడు. ఆశ్చర్యపోతున్నట్టు అన్నాడు, పసిపిల్లాడిలా. "భలేగా ఉంది. కాళ్లు రావట్లేదు."

"పాకు! పాకుతూ వెళ్లు!"

"మీ అక్క పైనుంది," అన్నాడు. ఆ మాట మటుకు స్పష్టంగా అన్నాడు.

నా దగ్గర ఉన్నది ఒక్క ఫోన్. అంబులెన్సుకి చెయ్యాలంటే ఈ లైను కొయ్యాలి. కోస్తే ఆయన మళ్లీ ఎత్తడు, నాకు తెలుసు. వీధిలోకి పరిగెత్తి ఎవరి ఫోనో అడుక్కోవచ్చు. ఈలోగా ఆయన కళ్లు మూస్తే? వాళ్లు చలివేళ తలుపులు మూసుకునే షాపుల వీధిలో ఉన్నారు. మిషన్ల రొదలో బావ మూలిగితే ఎవరికి వినపడుతుంది? ఆ గదిలో అరవగలిగింది ఒక్కటే ఉంది. దాని నోరు తెరిచే వరస ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు.

"బావా, పెట్టె నీ దగ్గరే ఉందా?"

"ఆఁ. కింద పడింది. నాతోపాటే."

"పసుపు ప్లగ్గు పీకి ఉందా? చూసి చెప్పు."

"ఉంది... పీకి ఉంది."

"మంచిది. ఇప్పుడు నీలంది పెట్టు. నీలం ప్లగ్గు బావా. ఫ్యాన్‌ది."

గీరుకుంటున్న చప్పుడు. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్. ఆయన చేతులు ఆ చిన్న ప్లగ్గుని తిరగేసి పెడుతున్నాయని నాకు కనపడుతున్నట్టే ఉంది. తిట్టాలనిపించింది. ఏడుపొచ్చింది. రెండూ మింగేసి, అక్క నన్ను చిన్నప్పుడు బువ్వ తినిపించేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడాను.

"అటు తిప్పు బావా. అటు కాదు, ఇంకోపక్కకి. ఆఁ, నెమ్మదిగా. గాడి కుదిరితే అదే వెళుతుంది."

టిక్కుమంది.

"ఇప్పుడు రీసెట్ నొక్కు. చిన్న బటన్."

ఏమీ లేదు.

"బావా. బటన్."

"నిద్రొస్తోందమ్మా. కాసేపాగి నొక్కుతా."

"బావా, అక్క పైనుంది! విన్నావా? అక్క పైనుంది. నువ్వు నొక్కకపోతే అక్క లేవదు!"

ఊపిరి వినపడుతోంది. బరువుగా, ఎగుడుదిగుడుగా. తర్వాత, ఎక్కడో దూరంగా, బండి కదిలినట్టు ఒక రొద. ఫ్యాన్. నెమ్మదిగా తిరగడం మొదలెట్టింది.

"ఇంకొక్కటి. పసుపుది పెట్టు. ఒక్కటే బావా, తర్వాత పడుకుందువుగాని. మా బావవి కదూ."

 వేళ్లు గీరుకుంటున్నాయి. ఆగాయి. మళ్లీ గీరుకున్నాయి. నేను బల్ల అంచు పట్టుకుని, ఏ దేవుణ్ణీ తలచుకోకుండా, ఆ చప్పుడు ఒక్కటే వింటున్నాను.

కూత మొదలైంది.

అరగంట క్రితం చెవులు మూసుకున్న కూత. ఫ్యాన్ రొద పెద్దదైంది. నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. కూత ఆగలేదు, బావ పీకలేదు. బావ పేరు పెట్టి పిలిచాను, బావా బావా అని ఏడ్చాను, పలకలేదు. కూత మాత్రం ఆగలేదు. చివరికి తలుపు బాదుతున్న చప్పుడు. ఎవరో మగగొంతు, "ఏమయ్యా, ఏంటా గోల?" అంది. పక్కనున్న టైర్ల షాపాయన. తలుపు తెరిచిన చప్పుడు.

"లోపలుండొద్దు!" అని ఫోన్లో అరిచాను. "గ్యాసు! మనిషిని బయటికి లాగండి! పైన మా అక్క ఉంది! పైన!"

ఆయనకి వినపడిందో లేదో తెలీదు. మెట్ల మీద దబదబా అడుగులు పడ్డాయి. అప్పుడు లైను కోసి అంబులెన్సుకి చేశాను. చిరునామా చెబుతుంటే మా అక్క వీధి పేరు నోటికి రాలేదు, రెండుసార్లు నా వీధి పేరే చెప్పాను.

ఆస్పత్రిలో అక్క ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. తెలివొచ్చింది. వచ్చీ రాగానే, తనని మెట్లమీంచి మోసుకొచ్చింది ఎవరని అడిగి, టైర్లాయన చేతుల మసి చీరకంతా అంటిందని మాస్కులోంచే గొణిగింది.  బావని లోపలి గదిలో ఉంచారు. ఒకసారి కళ్లు తెరిచాడట. ఎక్కువసేపు గ్యాసు పీల్చింది ఆయనే కాబట్టి, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. అక్క ఆ మాట విని గోడకేసి తిరిగింది.  నేనే అంతా చెప్పాను, తలుపు నేను వెయ్యమన్నానని కూడా. అప్పటికీ తిరగలేదు.

ఆ పూట కరెంటు పోయింది వాళ్ల వీధిలోనే కాదు. అది అప్పుడు తట్టింది నాకు. పెట్టెలు కొన్నవాళ్ల నంబర్లన్నీ నా ఫోన్లో ఉన్నాయి. అక్క మంచం పక్కనే నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యడం మొదలెట్టాను. మొదట ఎత్తినాయన పచ్చలైటు వెలుగుతోందన్నాడు. ఆ తర్వాత ఎత్తింది, ఇంట్లో పిల్లలకి చదువు చెప్పే టీచరు. చలికాలం ముందుగది వెచ్చగా ఉండాలని గ్యాసు హీటరు పెట్టుకుందావిడ.

"అవునండీ, మీ పెట్టె లైటు పొద్దున్నుంచీ లేదు," అంది. "నేనే చేద్దామనుకున్నాను. కొని ఎన్నాళ్లయిందని, అప్పుడే పాడైతే ఎలా?"

"అది పాడవలేదండీ. ఆన్ అయ్యేటప్పుడు సెన్సర్ కాలు మీద వోల్టేజి ఉంటే ఫ్లాష్..." నా నాలుక మడతపడింది. "అంటే, బూట్ అవ్వదన్నమాట. బూట్ అవ్వలేదంటే గ్యాసు ఉండొచ్చని..."

"మీరు చెప్పేది ఒక్క ముక్క అర్థం కావట్లేదండీ. పాడవలేదంటారు, పనిచెయ్యదంటారు. సాయంత్రం మనిషిని పంపండి, చూద్దురుగాని. ఇప్పుడు క్లాసు మధ్యలో ఉన్నాను. ఎప్పుడూ గోల చేసే పిల్లలు ఇవాళ చలికి కాబోలు, ఎంత బుద్ధిగా కూర్చున్నారో. నేను మళ్లీ..."

 చెప్పాల్సింది తెలుసు, కానీ మళ్లీ వోల్టేజి, బూట్ అనే మాటలే నోటికొచ్చాయి. అక్క గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. చెయ్యి చాచి నా చేతిలో ఫోన్ లాక్కుంది. మాస్కు నుదుటి మీదికి ఎత్తేసింది.

"ఏమమ్మా!" అని అరిచింది. వార్డంతా ఇటు చూసింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఆ లైటు లేని పెట్టె కిందే పడి చావబోయి ఆస్పత్రిలో ఉన్నాను. మా ఆయన ఇంకా లేవలేదు. పిల్లలు బుద్ధిగా కూర్చోలేదు, మగతలో ఉన్నారు. లేపు! పుస్తకాలు వదిలెయ్, చెప్పులొదిలెయ్, పిల్లల్ని వీధిలోకి లాగు! తర్వాత నన్ను ఎన్ని తిట్లైనా తిట్టుకో. లే!"

 అవతల కుర్చీ పడింది. "లేవండి, అందరూ లేవండి," అని ఆవిడ గొంతు. బల్లలు జరిగాయి. ఎవరో చిన్నపిల్ల ఏడ్చింది. తలుపు తెరుచుకుంది, వీధి చప్పుడు లోపలికొచ్చింది. అక్క ఫోన్ స్పీకర్లో పెట్టి దుప్పటి మీద ఉంచింది. నర్సు మాస్కు సరిచేయబోయి, ఆగి, తనూ వింటోంది.

టీచరు పేరు పేరునా పిలుస్తోంది. ఒక్కొక్కరూ పలుకుతున్నారు. ఒక పేరు దగ్గర జవాబు రాలేదు. మళ్లీ పిలిచింది. రాలేదు. అడుగులు లోపలికి పరిగెత్తాయి. అక్క చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది, గోళ్లు దిగాయి. లోపల్నించి ఆవిడ ఆ పేరే అరుస్తోంది, అరుస్తూ బయటికొస్తోంది, మళ్లీ వీధి చప్పుడు. ఆవిడ రొప్పుతోంది. అదే పేరు ఈసారి మెల్లగా, బుగ్గ మీద తట్టి లేపుతున్నట్టు పిలిచింది.

"ఆఁ, టీచర్," అంది ఒక చిన్న గొంతు, నిద్రమత్తులో.

అక్క నా మణికట్టు వదిలింది. మాస్కు తనే కిందికి లాక్కుని, కళ్లు మూసుకుంది. నర్సు దుప్పటి సర్దింది. కాసేపటికి అక్క కళ్లు తెరవకుండానే ఫోన్ నా వైపు తోసింది.

"తర్వాతి నంబరు కలుపు," అంది.